ఉప్పుపిల్లలు

సోమవారం. అన్నం, ముద్దపప్పు, దోసకాయ కూర.

బడి వంటింట్లో ఏ రోజు ఏం వండామో, ఏం మిగిలిందో రాయమని ఇచ్చిన పుస్తకం ఇది. ఎవరూ చదవరు కాబట్టి నాకు తోచింది కూడా రాస్తున్నాను. హెడ్‌మాస్టరు చదివితే చదవనీ, నాకేం భయమా.

పొద్దున బడికి వస్తుంటే పెద్ద రోడ్డు మీద ఒకణ్ని మొద్దు తొక్కేసింది. మా కొత్తగడ్డ మనిషి కాదు. మామూలు సైకిలు మీద, వెనక గ్యాసు పొయ్యి కట్టుకుని, ఒంటరిగా దాటబోయాడు. మేం వరుసగా గట్టు మీద ఆగి ఉన్నాం. "అన్నా, ఆగు! మాతోని రా!" అని మా పక్కింటి షాహీన్ గొంతు చించుకుంది. వాడు వినలేదు. మొద్దు అంటే సరుకుల లారీ. దానికి డ్రైవరుండడు, హారనుండదు. మనిషి, సైకిలు, పొయ్యి ఒకే ముద్దయి రోడ్డుకు అతుక్కుపోయాయి. వెనక వచ్చిన మొద్దులన్నీ ఆ ముద్ద మీదుగానే పోయాయి. మేం దాటేసరికి ఆ చోట ఇంకా తడిగానే ఉంది.

పిల్లలందరినీ కళ్లు మూసుకోమన్నాం. నా కూతురు కిన్నెర మాత్రం మూసుకోలేదు. ఐదేళ్ల పిల్ల, నోరు తెరిచి మాట్లాడదు, కూర్చున్న చోటు నుంచి కదలదు. అన్నీ చూస్తుంది. వాళ్ల నాన్న ఈ రోడ్డు మీదే పోయాడు. ఖాళీ తొట్టితో దాటబోయాడు, వెధవ. తిట్టుకోకుండా ఆయన్ని తలచుకోవడం నాకు ఇంకా రాలేదు.

మొద్దు పిల్లలకు మాత్రమే ఆగుతుంది. పెద్దవాళ్లకు కూడా ఆగితే సరుకు ఆలస్యమవుతుందట. పిల్లలకైనా ఆగేట్టు చెయ్యమని జనం కొట్లాడి కొట్లాడి ఆ ఒక్కటి సాధించుకున్నారు. అందుకే మా దగ్గర ప్రతి గుమ్మంలోనూ తొట్టి బండి ఉంటుంది. ముందు రెండు చక్రాల మీద రేకు తొట్టి, వెనక తొక్కేవాళ్లు. తొట్టిలో పిల్లను కూర్చోబెడితే మొద్దు కంటికి ఆ ఎత్తులో చిన్న వేడి కనబడుతుంది, ఆగుతుంది. బియ్యం బస్తా అయినా, పక్షవాతం వచ్చిన ముసలాయన అయినా పిల్ల పక్కనే ప్రయాణం. పిల్లలు లేనివాళ్లు పక్కింట్లో అడిగి తీసుకెళ్తారు, చక్కెర అడిగినట్టు.

పప్పు కొంచెం మిగిలింది. షాహీన్ ఇంటికి పంపాను.

గురువారం. పులిహోర, మజ్జిగ.

ఈ రోజు బాలమణత్త మమ్మల్ని నవ్వించి చంపింది.

బాలమణత్త మా గల్లీ చివర ఉంటుంది. పిల్లల్లేరు, మొగుడు లేడు. సంచులు కుట్టి, రోడ్డవతల మార్కెట్టులో అమ్ముకుంటుంది. రోజూ తెల్లారేసరికి షాహీన్ కొడుకు ఆరిఫ్‌ను నిద్రలో నుంచి లేపుకుని తొట్టిలో వేసుకుని పోతుంది. వాడు రోజూ ఏడుస్తాడు. ఈ రోజు వాడు లేడు. వాడి బదులు ఒక బొమ్మ కూర్చుని ఉంది. పాత చీర గుడ్డతో కుట్టి, దొడ్డుప్పు వేయించి లోపల మూటలు కట్టి పెట్టిందట. మోకాళ్ల నొప్పులకు కాపడం పెట్టుకుంటామే, అదే ఉప్పు. నెత్తికి ఉన్ని టోపీ కూడా పెట్టింది.

"ఇదేంది అత్తా? మొద్దు నీకు మేనల్లుడు అనుకున్నవా, బొమ్మలిచ్చి బుజ్జగిస్తానికి?" అన్నాను.

"ఉప్పు గంటసేపు సల్లారదు బిడ్డా. దానికి కావల్సింది వేడే గద. పోరగాండ్లను పొద్దుగాల్నే గుంజుకపోతుంటే నా పానం ఒప్పుతలేదు. దీనికైతే నిద్ర లేదు, ఏడుపు లేదు."

అని తొక్కుకుంటూ పెద్ద రోడ్డు మీదికి దిగిపోయింది. మొద్దు వచ్చింది, చూసింది, ఆగింది. ఆమె అవతలి గట్టెక్కి చెయ్యి ఊపింది. షాహీన్ చప్పట్లు కొట్టింది.

సాయంత్రానికి గల్లీ గల్లీ అంతా బాలమణత్త గుమ్మం ముందే. నేనూ ఒకటి కుట్టించుకున్నాను. కిన్నెరను చీకట్లో లేపి, కళ్లు తెరవని పిల్లను రేకు తొట్టిలో కుదెయ్యడం నాకేం సరదానా? ఇకనుంచి బొమ్మతో వెళ్లి వంట మొదలుపెడతాను. పిల్ల నిద్ర తీరాక షాహీన్ పిల్లలందరినీ బడికి తెస్తుంది.

శనివారం. కిచిడీ.

కొత్తగడ్డ పిల్లలు కంటినిండా నిద్రపోతున్నారు. పొద్దున్నే పొయ్యిల మీద ఉప్పు వేగే చప్పుడు తప్ప గల్లీలో ఏడుపులు లేవు. బొమ్మలకు ఉప్పుపిల్లలని పేరు పెట్టేశారు.

ఈ రోజు చిన్న గొడవ జరిగింది. మా ఎదురింటి దశరథన్న గట్టు మీద బండి నిలిపి బీడీ ముట్టించుకుంటుంటే బండి దానంతటదే జారి రోడ్డు మీదికి పోయింది. మొద్దు బ్రేకు వేసింది కానీ ఆగలేకపోయింది. తొట్టి నుజ్జయి, ఉప్పుపిల్ల పగిలి, రోడ్డంతా తెల్లగా ఉప్పు పడింది. పిల్లలు పడీ పడీ నవ్వారు. దశరథన్న కూడా నవ్వాడు.

మొద్దు మాత్రం వెంటనే కదల్లేదు. దాని ముందున్న ఎర్రదీపం ఆ ఉప్పు మీద అటూ ఇటూ తిరిగింది. టోపీ దగ్గర ఆగింది. మళ్లీ ఉప్పు మీదికి వచ్చింది. అంతసేపు ఆగిన మొద్దును నేనెప్పుడూ చూడలేదు. తర్వాత వెళ్లిపోయింది. రాత్రిపూట మొద్దులన్నీ ఒకే షెడ్డుకు చేరతాయి, ఒకటి నేర్చింది అన్నింటికీ తెలుస్తుందని అంటారు. అనేవాళ్లు చాలా అంటారులే అనుకున్నాను.

సోమవారం. వండిందంతా మిగిలింది.

దశరథన్న కుడికాలు పోయింది.

కొత్త తొట్టి, కొత్త ఉప్పుపిల్ల. నా ముందే వెళ్తున్నాడు. మొద్దు వేగం తగ్గించనే లేదు. బండి గాల్లోకి లేచింది. ఉప్పుపిల్ల ఎక్కడో పడింది. ఆయన కాలు మోకాలి కింద నుంచి చక్రం చువ్వల్లో ఇరుక్కుని బండితో పాటే వెళ్లిపోయింది. నేను నా చీర కొంగు చింపి తొడకు కట్టు కట్టాను. రక్తం నా మోచేతుల దాకా వచ్చింది. అదే చేతులతో అన్నం వార్చాను, కడుక్కున్నాననుకోండి.

"చూసింది నీలమ్మా. నా దిక్కే చూసింది. ఆగలే," అని ఆయన ఒకటే మాట.

సాయంత్రం అందరం పంపు దగ్గర కలిశాం. మొద్దులు బొమ్మలను కనిపెట్టేశాయని తేలిపోయింది. రేపటి నుంచి ఉప్పుపిల్లలు బంద్. మునుపటిలాగే మన పిల్లలతోనే పోవాలి అని ఒప్పుకున్నాం. బాలమణత్త ఒక మూలన కూర్చుని తల వంచుకుంది. నాకు మాత్రం కొంచెం నెమ్మది అనిపించింది. పిల్ల పిల్లే, ఉప్పు ఉప్పే కదా అనుకున్నాను.

మంగళవారం.

ఆరిఫ్ చనిపోయాడు.

వంట లేదు. ఈ పుస్తకంలో ఈ రోజు వంట లేదు.

వాడికి పొద్దెక్కేదాకా పడుకోవడం అలవాటైపోయింది. షాహీన్ లేపింది, తొట్టిలో కూర్చోబెట్టింది. వాడు దుప్పటి కప్పుకుని మళ్లీ నిద్రపోయాడు. వరుసలో అందరికంటే ముందు వాళ్ల బండే. మొద్దు ఎర్రదీపం తొట్టి మీద పడింది. కదలకుండా ఉన్న చిన్న వేడి. బొమ్మ అనుకుంది.

షాహీన్ ఎగిరి గట్టు మీద పడింది. లేచి రోడ్డు మీదికి పరుగెత్తుతుంటే నలుగురం కలిసి పట్టుకున్నాం. నా చెయ్యి కొరికింది, అయినా నేను వదల్లేదు. వెనక మొద్దు వస్తోంది మరి. అదీ ఆగలేదు. దాని వెనకది కూడా. వాడి ఒంట్లో వేడి ఉన్నంతసేపూ అవన్నీ వాణ్ని ఉప్పే అనుకున్నాయి.

నేనిది రాయగలుగుతున్నాను. నామీద నాకే అసహ్యంగా ఉంది.

బుధవారం.

మొద్దును కొట్టలేం. దానికి ముఖం లేదు. అందుకని బాలమణత్త ఇంటి మీద పడ్డాం.

ఎవరు మొదలుపెట్టారో తెలియదు. తలుపు విరిగింది. లోపల మిగిలిన ఉప్పుపిల్లలను బయటికి ఈడ్చి చీల్చారు. కుట్టుమిషను వీధిలో పడింది. ఆమెను జుట్టు పట్టుకుని గడప దాటించారు. ఎవరో రాయి వేశారు, నుదురు చిట్లింది. ఆమె ఏడవలేదు, అడ్డుపడలేదు. ఒక చేత్తో గడప మాత్రం పట్టుకుంది. నా చేతిలో బడి పప్పు గరిటె ఉంది. ఇనపది, మూరెడు పొడవు. గడప మీదున్న ఆ ఎడమ చేతి మీద బలంకొద్దీ కొట్టాను. రెండు వేళ్లు విరిగిన చప్పుడు నాకు వినిపించింది. కోపం దిగలేదు. మళ్లీ ఎత్తాను.

షాహీన్ వచ్చి బాలమణత్త పక్కన మట్టిలో కూర్చుంది. తన చెయ్యి కూడా గడప మీద పెట్టింది.

"నేను గూడ కొనుక్కున్న నీలక్కా. నన్ను గూడ కొట్టు."

అందరం ఇళ్లకు వెళ్లిపోయాం. గరిటె అక్కడే పడేసి వచ్చాను. చీకటి పడ్డాక చూస్తే అది కడిగి మా గుమ్మంలో పెట్టి ఉంది. ఎవరు పెట్టారో నేను అడగలేదు.

శనివారం. ఇంట్లో ఉన్న అటుకులు.

కొత్తగడ్డ నుంచి ఒక్క బండి కూడా కదల్లేదు. తొట్టిల్లో వాననీళ్లు నిలిచాయి. బడి మూసేశారు. కూరగాయలు లేవు. ఇన్సులిను దొరక్క అవతలి గల్లీలో ఒక పెద్దాయన పోయాడు, శవాన్ని కూడా దాటించలేక ఇక్కడే కుంట గట్టున కాల్చారు. దశరథన్న తెగిన కాలికి చీము పట్టింది. మొద్దులకు ఇప్పుడు మనకోసం ఆగే పనే లేదు. ఇదివరకటికంటే జోరుగా పోతున్నాయి.

ఈ రోజు గట్టు మీద కూర్చుని ఒకటి చూశాను. మూసీ వైపు నుంచి ఎవరో తొట్టి బండి తొక్కుకుంటూ వచ్చాడు. తొట్టిలో ఇద్దరు పిల్లలు జుట్టూ జుట్టూ పట్టుకుని కొట్టుకుంటున్నారు. మొద్దు వాళ్ల ముందు ఠక్కున ఆగిపోయింది. రెండోదీ ఆగింది. వాళ్లు దాటేదాకా ఆ పిల్లలు ఒకరినొకరు వదల్లేదు.

పంపు దగ్గరికి పరుగెత్తాను. "బొమ్మ కదలదు. పిల్ల కదుల్తది. అంతే! మన పిల్లలు అల్లరి చేస్తే చాలు, మొద్దు గుర్తుపడ్తది. ఒక్కరిద్దరు కాదు, రోజూ అందరం పోదాం, గోల గోల చేసుకుంట పోదాం. రోజూ మనల్ని చూస్తే అది మరిచిపోదు," అని చెప్పాను.

"నీ బిడ్డె కదుల్తదా?" అన్నాడు దశరథన్న, పంపు పక్కనే ఉన్న తన గుమ్మంలో పడుకునే. "ముందు నీ బిడ్డెను కదిలించు. తర్వాత మా పిల్లల్ని అడుగు."

ఇంటికొచ్చి కిన్నెరతో చప్పట్లు కొట్టించబోయాను. నా ముఖం చూస్తూ కూర్చుంది తప్ప చేతులెత్తలేదు. ఒళ్లు కొంచెం వెచ్చగా అనిపించింది.

ఆదివారం.

కిన్నెరకు జ్వరం. దోమల జ్వరం అనుకుంటాను. ముక్కు నుంచి రక్తం వచ్చింది. ఆస్పత్రి అవతలి గట్టున కనబడుతూనే ఉంది, దాని నీళ్ల ట్యాంకు మీద రాసిన అక్షరాలు కూడా ఇక్కణ్నుంచి చదవొచ్చు. నిద్రలోకి జారుకుంటే చెంపల మీద కొట్టి లేపుతున్నాను. కొడుతున్నాను, ముద్దు పెట్టుకుంటున్నాను. దేవుడా, ఈ పిల్ల కూడా పోతే నేను ఎవర్ని తిట్టుకుంటూ బతకాలి?

మంగళవారం. అవతలి గట్టు.

నిన్నటిది ఈ రోజు రాస్తున్నాను.

నిన్న మధ్యాహ్నం కిన్నెరకు మూర్ఛలు వచ్చాయి. ఆ తర్వాత ఇంక కళ్లు తెరవలేదు. ఎంత కొట్టినా కదల్లేదు. వేయించిన ఉప్పు మూటలాగే కాలిపోతోంది. దాన్ని తొట్టిలో పడుకోబెట్టి, చేతిలో గరిటె పట్టుకుని గల్లీలో నిలబడి తొట్టి రేకు మీద బాదాను.

"ఇంట్ల దాక్కొని ఎన్ని రోజులు బతుకుతరు? నా బిడ్డె కదుల్తలేదు. మీ పిల్లలు కదుల్తరు. నాకు ఒక్క రోజు ఇయ్యుండ్రి. కాళ్లు మొక్కుత!"

తలుపులు వెయ్యడం వినిపించింది. ఒకటి తెరుచుకుంది. షాహీన్ తన వంగిపోయిన బండిని బయటికి నెట్టుకొచ్చింది. తొట్టిలో ఆరిఫ్ పళ్లెం, గ్లాసులు, రేకు డబ్బాలు ఉన్నాయి.

"నా కొడుకు పండుకున్నడు, గందుకే పోయిండు," అంది గల్లీ అంతటికీ వినబడేట్టు. "మీ పిల్లలను పండుకోనియ్యకుండ్రి. నా బండి ముందట పోతది. ఎవరి పిల్లలొస్తరు?"

దశరథన్న గుమ్మంలో నుంచే తన కూతుర్ని పేరు పెట్టి పిలిచాడు. "పోయి షాహీనత్త తొట్టిల కూసో. ఎగురు. దుంకు. గమ్ముగ కూసున్నవో, ఇంటికొచ్చినంక నా చేతుల అయిపోతవ్." ఆ పిల్ల ఎక్కింది. ఆ తర్వాత తలుపులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. తొట్టిల్లో వాననీళ్లు పారబోసి పిల్లలను ఎక్కించారు. డబ్బాలు, గంటెలు, పళ్లాలు పంచారు.

గట్టు దగ్గర బాలమణత్త కనబడింది. ఎడమ చేతికి గుడ్డ చుట్టుకుని ఉంది. నా వైపు చూడలేదు. తిన్నగా వచ్చి నా తొట్టి అంచు మీద, కాళ్లు బయటికి వేలాడేసి కూర్చుంది. కిన్నెరను ఎత్తి నిటారుగా ఆనించుకుని రెండు మణికట్లూ పట్టుకుంది.

"అత్తా, నీకు ఆగదది," అన్నాను.

"నాకెందుకు ఆగాలె? బొమ్మను ఎట్ల కూసోపెడ్తే పిల్ల లెక్క కనవడ్తదో నాకు తెలుసు. నువ్వు తొక్కు."

రోడ్డు మీదికి దిగాం. ఆ గోల ఏమని రాయను! పిల్లలు బూతులు కూడా అరిచారు, ఎవరూ వద్దనలేదు. మొదటి మొద్దు షాహీన్ బండికి బెత్తెడు దూరంలో ఆగింది. దాని వెనకదీ ఆగింది. ఒకదాని తర్వాత ఒకటిగా ఆగిపోతున్నాయి. బాలమణత్త కిన్నెర చేతులను ఎత్తి చప్పట్లు కొట్టిస్తోంది, ఊపుతోంది, ముఖం మీద దోమ తోలిస్తోంది. నా కిన్నెర జన్మలో అంత అల్లరి చెయ్యలేదు.

చివరి వరుసలో ఒక మొద్దు ఆగినవాటిని తప్పించుకుని పక్కనుంచి వచ్చింది. అటువైపు ఉన్నది నా తొట్టి ఒక్కటే. ఎర్రదీపం కిన్నెర మీద పడింది. బాలమణత్త ఆ చేతులను తలపైకెత్తి గట్టిగా ఊపింది. బ్రేకులు కీచుమన్నాయి. కిన్నెరకు అది ఆగింది. బాలమణత్తకు ఆగలేదు. జారుతూ వచ్చిన ఇనప బంపరు ఆమె కాళ్లను, నడుమును తొట్టి రేకుకేసి నొక్కేసింది. ఎముకలు విరగడం నా హ్యాండిలు దాకా తెలిసింది. రేకు మీదుగా రక్తం నా పాదాల మీదికి కారింది.

మొద్దు కదల్లేదు. చూస్తోంది. ఆ చేతులు ఆగితే అది బయలుదేరుతుంది. ఆ సంగతి నాకు తెలుసు, ఆమెకూ తెలుసు.

"గుంజు," అంది. నోట్లోనుంచి రక్తం వస్తోంది. కిన్నెర చేతులు ఊపుతూనే ఉంది. షాహీన్, ఇంకో ఇద్దరు పరుగెత్తుకొచ్చారు. తొట్టిని పక్కకు లాగుతుంటే రేకు చీలింది, ఆమె కేక పెట్టింది, అయినా చేతులు ఊపింది. పిల్లలు డబ్బాలు బాదడం ఆపలేదు. దశరథన్న కూతురు ఏడుస్తూనే ఎగురుతోంది. గట్టెక్కాక కూడా బాలమణత్త ఊపుతూనే ఉంది. "అయిపోయింది అత్తా, వచ్చేసినం, ఇడిచిపెట్టు," అని నేను వేళ్లు విప్పబోతే రాలేదు. ఆస్పత్రి గేటు దగ్గర ఊపడం ఆగింది. అప్పుడు గానీ మాకు తెలియలేదు.

శుక్రవారం. గంజి.

ఇది బడి వంట కాదు, ఆస్పత్రిది. ఉప్పు తక్కువైంది.

షాహీన్ పొద్దున వచ్చి వెళ్లింది. బాలమణత్తను మట్టి చేసిన మర్నాటి నుంచి కొత్తగడ్డ బండ్లన్నీ రోజూ దిగుతున్నాయట. బండ్లు లేని గల్లీలవాళ్లు కూడా పాత రేకులు తెచ్చి తొట్టిలు కట్టించుకుంటున్నారట. దశరథన్నను తొట్టిలో వేసుకొచ్చి కింది వార్డులో చేర్చారు. పొద్దున్నే ఆ గోలకు ఇక్కడి రోగులు కూడా లేస్తున్నారు. సోమవారం బడి తెరుస్తారు, అన్నం వండాలి, ఈ గరిటెతో వండలేను. ఇంకోటి అడగాలి.

మధ్యాహ్నం కిన్నెర కళ్లు తెరిచింది. రెండు చెంచాల గంజి తాగింది. చాలాసేపు నన్ను చూసింది. తర్వాత తనంతట తానే మాట్లాడింది.

"అమ్మా, చేతులు నొస్తున్నయి."

దుప్పటి తీసి చూశాను. మణికట్ల మీద కమిలిన వేళ్ల గుర్తులున్నాయి. ఒక చేతి మీద ఐదు, ఇంకో చేతి మీద మూడు. మిగతా రెండు వేళ్లు నేను విరగ్గొట్టినవి.